అరలీటరు ఆవిరి ఖరీదెంత? వంటగ్యాస్ పొదుపు వెనుక వేడి లెక్కలు

ఒకే వీధిలో రెండు ఇళ్లు. రెండింటిలోనూ నలుగురేసి మనుషులు, దాదాపు ఒకే రకం వంట. అయినా ఒక ఇంట్లో గ్యాస్ సిలిండర్ నెల తిరక్కుండానే అయిపోతుంది, మరో ఇంట్లో నెలన్నర వస్తుంది. ఈ తేడాకు కారణం సిలిండర్ బరువులో మోసమేనని చాలామంది అనుమానిస్తారు. కానీ ఎక్కువసార్లు కారణం పొయ్యి మీదే ఉంటుంది. గ్యాస్ మండి పుట్టిన వేడిలో ఎంత ఆహారానికి చేరింది, ఎంత వంటగది గాలిలో కలిసింది అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న ఇంటి ఖర్చుకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రధానమంత్రి ఉజ్వల యోజన 2016 మే 1న మొదలయ్యాక కోట్ల పేద కుటుంబాలకు గ్యాస్ కనెక్షన్లు అందాయి. అయితే సిలిండర్ మళ్లీ నింపించుకోవడం భారమైనప్పుడు చాలా ఇళ్లలో కట్టెల పొయ్యి తిరిగి వెలుగుతుంది. ఆ పొగలోని సూక్ష్మ ధూళి కణాలు వంట చేసేవారి ఊపిరితిత్తులను, పక్కన ఆడుకునే పిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఉన్న సిలిండర్‌ను నాలుగు రోజులు ఎక్కువ వాడుకోగలగడమంటే, నాలుగు రోజులు పొగకు దూరంగా ఉండగలగడం కూడా.

పొదుపు చిట్కాలు ఎన్నో వినిపిస్తుంటాయి. వాటిలో ఏది నిజంగా డబ్బు మిగులుస్తుంది, ఏది నామమాత్రం అన్నది తేల్చుకోవడానికి బడిలో నేర్చుకున్న వేడి లెక్క చాలు.

కాచడం చౌక, ఆవిరి చేయడం ఖరీదు

ఒక లీటరు నీటిని 30 డిగ్రీల సెల్సియస్ నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 293 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే లీటరు నీరు 100 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆవిరైపోవడానికి సుమారు 2,257 కిలోజౌళ్లు కావాలి. అంటే దాదాపు ఎనిమిది రెట్లు. నీటి అణువులను ఒకదాని నుంచి ఒకటి విడదీసి గాలిలోకి పంపడానికి ఖర్చయ్యే ఈ వేడినే బాష్పీభవన గుప్తోష్ణం అంటారు. ఇది ఉష్ణోగ్రతను పెంచదు కాబట్టి థర్మామీటరులో కనబడదు. గ్యాస్ బిల్లులో మాత్రం కనబడుతుంది.

ఒక కిలో ఎల్‌పీజీ మండితే సుమారు 46,000 కిలోజౌళ్ల వేడి వస్తుంది. ఇంటి గ్యాస్ పొయ్యికి భారత ప్రమాణాల ప్రకారం కనీసం 68 శాతం ఉష్ణ సామర్థ్యం ఉండాలి. అది పరీక్షశాలలో, సరిపడిన పాత్రతో వచ్చే అంకె. మామూలు వంటింట్లో 60 శాతం వేడి గిన్నెకు చేరుతుందని అనుకుంటే, కిలో గ్యాస్‌కు 27,600 కిలోజౌళ్లు దక్కుతాయి. ఈ లెక్కన లీటరు నీటిని కాచడానికి సుమారు 11 గ్రాముల గ్యాస్, లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 82 గ్రాముల గ్యాస్ పడుతుంది.

ఇప్పుడు ఒక సాధారణ ఇల్లు తీసుకుందాం. పప్పు, కూర, చారు, టీ మూతల్లేకుండా మరుగుతూ ఉంటే రోజు మొత్తం మీద అరలీటరు నీరు అనవసరంగా ఆవిరి కావడం పెద్ద విశేషమేమీ కాదు. దానికయ్యే గ్యాస్ 41 గ్రాములు. 30 రోజులకు 1.2 కిలోల పైమాట. 14.2 కిలోల సిలిండర్‌లో ఇది దాదాపు పన్నెండో వంతు. మరోలా చెప్పాలంటే, ఆ అరలీటరు ఆవిరితో పోయిన వేడితో 15 లీటర్ల బకెట్ నీటిని 25 డిగ్రీల నుంచి 43 డిగ్రీలకు కాచుకోవచ్చు. అంటే రోజూ ఒకరి వేడినీళ్ల స్నానం గాలిలో కలిసిపోతోందన్నమాట.

మరిగాక పెద్ద మంట దేనికి?

మూత లేని గిన్నెలో నీరు ఒకసారి మరగడం మొదలయ్యాక ఎంత పెద్ద మంట పెట్టినా ఉష్ణోగ్రత పెరగదు. విశాఖపట్నం తీరంలో అది 100 డిగ్రీల దగ్గర, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో 98 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మెతుకు ఉడకడానికి కావలసింది ఆ ఉష్ణోగ్రతే తప్ప కుతకుతలాడే శబ్దం కాదు. బియ్యంలోని పిండిపదార్థం సుమారు 65 నుంచి 75 డిగ్రీల మధ్యే నీరు పీల్చుకుని మెత్తబడడం మొదలవుతుంది. కాబట్టి పొంగు వచ్చేవరకు పెద్ద మంట, వచ్చాక మూత పెట్టి సన్న మంట. ఉడికే సమయం ఏమీ పెరగదు. పెద్ద మంట వల్ల జరిగేదల్లా నీరు త్వరగా ఇగిరిపోవడం, దాంతో మళ్లీ నీళ్లు పోసి మళ్లీ కాచవలసి రావడం.

మూత రెండు పనులు చేస్తుంది. ఆవిరిని పట్టి ఉంచి, అది చల్లబడి నీటి చుక్కలుగా మారేటప్పుడు వదిలే గుప్తోష్ణాన్ని గిన్నెలోకే తిరిగి ఇస్తుంది. పైనుంచి వీచే గాలి వేడిని ఎత్తుకుపోకుండా అడ్డుపడుతుంది. పైసా ఖర్చు లేని పొదుపుల్లో ఇదే పెద్దది.

గంజి వార్చే పద్ధతిలో ఎక్కువ నీటిని కాచి ఆ వేడి నీటిని పారబోయడం వల్ల కొంత గ్యాస్ పోతుంది. దానితో పాటు నీటిలో కరిగే బి విటమిన్లు కూడా పోతాయి. బియ్యానికి సరిపడా నీళ్లే పోసి ఇగరనివ్వడం, లేదా వార్చిన గంజిని తాగడం మేలు.

కుక్కర్‌లో లెక్క విజిళ్లది కాదు, నిమిషాలది

సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో నీరు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడ మామూలు గిన్నెలో పప్పు ఉడికించడం గంటల తరబడి పని. గాలి పీడనం తగ్గితే మరిగే స్థానం తగ్గుతుంది, పీడనం పెరిగితే అదీ పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ చేసేది ఈ రెండో పనే. వెయిట్ లేచేసరికి లోపల పీడనం బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఎక్కువగా ఉంటుంది. అప్పుడు నీరు దాదాపు 120 డిగ్రీల వరకు వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం రమారమి రెట్టింపవుతుందన్న స్థూల సూత్రం ప్రకారం చూస్తే, 20 డిగ్రీల పెరుగుదలతో గంట పని పావుగంటలోకి ఎందుకు దిగుతుందో అర్థమవుతుంది.

విజిల్ అంటే అవసరానికి మించిన ఆవిరి బయటకు పోతోందని కుక్కర్ చెప్పడం. మొదటి విజిల్ రాగానే లోపలి పీడనం చేరవలసిన స్థాయికి చేరింది. ఆ తర్వాత మంటను సిమ్‌లో పెడితే కుక్కర్ గోడల నుంచి పోయే వేడిని భర్తీ చేయడానికి అది సరిపోతుంది. ఆరేడు విజిళ్లు లెక్కపెట్టే బదులు సిమ్‌లో ఎన్ని నిమిషాలు అని లెక్కపెట్టడం మంచిది. పొయ్యి ఆపాక ఆవిరి దానంతటది దిగేవరకు ఆగితే మరికొన్ని నిమిషాలు లోపల 100 డిగ్రీలకు పైనే ఉంటుంది. ఆ వంట ఉచితం. ఆఫీసు తొందరలో వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేస్తే ఆ ఉచితం పోతుంది.

ఒకే మంట మీద అన్నం, పప్పు, కూరగాయలు గిన్నెల్లో దొంతరగా పెట్టి ఉడికించడం కూడా పాత తెలివే. 1910లో బెంగాల్‌కు చెందిన ఇందుమాధబ్ మల్లిక్ రూపొందించిన ఇక్మిక్ కుక్కర్ ఇలాంటిదే. కింద బొగ్గుల కుంపటి, పైన ఆవిరి చుట్టుముట్టే దొంతర గిన్నెలు ఉండేవి. నేటి కుక్కర్ గిన్నెలకు అది పూర్వరూపం.

పప్పు ఎందుకు ఉడకదు?

ఎండు గింజ ఉడకాలంటే ముందు నీరు దాని నడిమధ్యకు చేరాలి. ఆ ప్రయాణం పొయ్యి మీద జరిగితే గ్యాస్ ఖర్చు, రాత్రి నానబెట్టిన గిన్నెలో జరిగితే ఖర్చు లేదు. శనగలు తమ బరువుకు దాదాపు సమానమైన నీటిని పీల్చుకుంటాయి. వేసవిలో మాత్రం మరీ ఎక్కువసేపు నానితే పులుస్తాయి. గోరువెచ్చని నీటిలో వేస్తే త్వరగా నానుతాయి.

గింజలోని కణాలను అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. ఉప్పునీటి బోరు ఉన్న ఊళ్లలో పప్పు ఉడకదని జనం చెప్పేది నిజమే. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం పెక్టిన్‌తో కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. వంటకు మెత్తటి నీరు, అంటే వాన నీరో శుద్ధి చేసిన నీరో వాడితే గ్యాస్ కలిసివస్తుంది. పులుపు కూడా పెక్టిన్‌ను కరగనివ్వదు. చింతపండు, గోంగూర, మామిడికాయ పప్పు ఉడికాకే వేయాలన్న పెద్దల మాటకు ఆధారం ఇదే. వంటసోడా వేస్తే పప్పు త్వరగా మెత్తబడుతుంది గానీ బి1 విటమిన్ నశిస్తుంది. అది పొదుపు కాదు.

చౌకగా వచ్చాయని శనగలో రాజ్మానో మూటలకొద్దీ కొని ఏడాది దాటించడంలో కూడా ఒక చిక్కుంది. వేడి, తేమ ఉన్న చోట నెలల తరబడి నిల్వ ఉన్న గింజలు ఎంత ఉడికించినా ఉడకని స్థితికి వస్తాయి. కొనేటప్పుడు మిగిలిన డబ్బు పొయ్యి దగ్గర పోతుంది.

మంట రంగు, గిన్నె అడుగు

మంట నీలంగా ఉంటే గ్యాస్ పూర్తిగా మండుతున్నట్టు. పసుపు కొనలు లేస్తూ గిన్నె అడుగున మసి పడుతుంటే గాలి చాలక గ్యాస్ సగం సగం మండుతోందని అర్థం. అలాంటప్పుడు వేడి తగ్గడమే కాదు, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. బర్నరు రంధ్రాల్లో పొంగిన పాలు, జిడ్డు చేరకుండా శుభ్రం చేసుకోవాలి. అప్పటికీ పసుపు తగ్గకపోతే మెకానిక్‌కు చూపించాలి. మంట గిన్నె అంచులు దాటి పైకి పాకుతుంటే ఆ భాగం గదిని వేడి చేస్తున్నట్టే. చిన్న గిన్నెకు చిన్న బర్నరు వాడాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన పాలను కాసేపు బయట ఉంచి కాచమన్న చిట్కా కూడా సరైనదే, కానీ చిన్నది. లీటరు పాలు 5 డిగ్రీల బదులు 30 డిగ్రీల దగ్గర పొయ్యెక్కితే మిగిలేది 4 గ్రాముల లోపు గ్యాస్. మూత పెట్టడం వల్ల మిగిలే దానితో పోలిస్తే ఇది పదో వంతు కూడా కాదు. పైగా పాలను గంటల తరబడి బయట వదిలేస్తే విరిగి మొదటికే మోసం వస్తుంది.

గ్యాసా, ఇండక్షనా?

ఒక యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్లు. ఇండక్షన్ పొయ్యిలో దాదాపు 85 శాతం గిన్నెకు చేరుతుందనుకుంటే, పై లెక్కన కిలో గ్యాస్ చేసే పనిని సుమారు 9 యూనిట్లు చేస్తాయి. పూర్తి సిలిండర్ పనికి సుమారు 128 యూనిట్లు కావాలి. కాబట్టి ఎవరి ఇంటి లెక్క వారు సులభంగా వేసుకోవచ్చు. సిలిండర్‌కు చేతినుంచి పడే ధరను 128తో భాగించాలి. ఉదాహరణకు 900 రూపాయలైతే 7 రూపాయలు వస్తుంది. కరెంటు యూనిట్ ధర అంతకంటే తక్కువైతే ఇండక్షన్ చౌక, ఎక్కువైతే గ్యాసే చౌక. ఇక్కడ చూడవలసింది బిల్లు సగటు ధర కాదు. ఇండక్షన్ వాడితే పెరిగే యూనిట్లు ఏ శ్లాబులో పడతాయో ఆ ధర చూడాలి.

పొదుపు పనికిరాని చోట్లు

కొన్ని చోట్ల గ్యాస్ మిగల్చబోతే ఆరోగ్యం ఖర్చవుతుంది. రాజ్మా గింజల్లో సహజంగా ఉండే ఒక లెక్టిన్ సరిగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. వాటిని నానబెట్టి, ఆ నీరు పారబోసి, కుక్కర్‌లో పూర్తిగా ఉడికించాలి. తక్కువ వేడిపై మగ్గబెట్టడం వాటికి పనికిరాదు. రెండు పూటల అన్నం ఒకేసారి వండితే గ్యాస్ మిగులుతుంది, కానీ ఉడికినా చావని బ్యాక్టీరియా బీజాలు గోరువెచ్చని అన్నంలో పెరిగి విషాన్ని విడుదల చేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మిగిలిన అన్నాన్ని త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. వేయించిన నూనెను పదేపదే మరిగించడమూ అంతే. నూనెలో పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడరాదన్న నిబంధన ఆహార వ్యాపారులకు 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు కాబట్టి నూనె నల్లబడినా, చిక్కబడినా, నురగ వచ్చినా పక్కన పెట్టేయడమే క్షేమం. గ్యాస్ ఆదా కోసం కుక్కర్‌ను నిండా నింపడం మరీ ప్రమాదం. పప్పులు నురగెత్తి ఆవిరి దారిని మూసేస్తాయి కాబట్టి సగానికి మించి నింపకూడదు.

కొలిస్తేనే తెలుస్తుంది

సిలిండర్ మీద ఖాళీ బరువు ముద్రించి ఉంటుంది. ఇంటికి తెచ్చినప్పుడు తూకం వేయించి, ఆ బరువు తీసేస్తే 14.2 కిలోలు ఉండాలి. అంతవరకు అనుమానం తీరిపోతుంది. మిగిలింది ఇంటి పద్ధతుల లెక్క. సిలిండర్ మార్చిన తేదీని క్యాలెండర్‌లో రాసి, ఒక సిలిండర్ పాత పద్ధతిలో వాడి, తర్వాతి దానికి మూత, సిమ్, నానబెట్టడం అనే మూడింటిని పాటిస్తే తేడా రోజుల్లో కనబడుతుంది. చుట్టాలు వచ్చిన రోజులను, ఇంటిల్లిపాదీ ఊరెళ్లిన రోజులను లెక్కలోంచి తీసేయడం మరచిపోకూడదు.