నీళ్లు లేకున్నా... తెడ్డేద్దాం!

తెల్లవారితే చాలు, వరంగల్‌లో భద్రకాళి, వడ్డేపల్లి చెరువు కట్టల మీద నడిచేవాళ్ల సందడి మొదలవుతుంది. నడక మంచిదే. కాకపోతే శ్రమంతా కాళ్లదే, వీపుకీ భుజాలకీ పెద్దగా పనుండదు. మరి ఒక్క వ్యాయామంతో ఒళ్లంతా కదలాలంటే? కట్ట మీద కాదు, నీళ్లలో పడవ నడిపేవాళ్లను చూడాలి. ఆ కదలికనే నేల మీదికి తెచ్చింది జిమ్‌లో మూలన కనిపించే రోయింగ్‌ మెషిన్‌.

ఈ ఆలోచన పాతదే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే ఏథెన్స్‌ సేనాని కాబ్రియాస్‌ కొత్త నావికులను ఒడ్డున చెక్క చట్రాల మీద కూర్చోబెట్టి తెడ్లు వేయడం నేర్పించాడట!

బలం కాళ్లదే

చూడ్డానికిది చేతుల పనిలా ఉంటుంది. చాలామంది పొరబడేదీ అక్కడే. ముందు పాదాలతో పలకను గట్టిగా నెట్టాలి. కాళ్లు చాచాక నడుమును కాస్త వెనక్కి వాల్చాలి. చివర్లో పిడిని పక్కటెముకల కిందికి లాక్కోవాలి. తిరిగి వచ్చేటప్పుడు వరస తిరగబడుతుంది... చేతులు, నడుము, ఆ తర్వాతే మోకాళ్లు. ఇలా చేస్తే పిక్కలు, తొడలు, పొట్ట, వీపు, భుజాలు అన్నింటికీ పని. గుండెకూ ఊపిరితిత్తులకూ మేలు. కూర్చునే చేస్తాం కాబట్టి పరుగులోలా మోకాళ్ల మీద దెబ్బ పడదు. 70 కిలోల మనిషి అరగంట ఓ మోస్తరు వేగంతో చేస్తే సుమారు 250 క్యాలరీలు ఖర్చవుతాయి.

నడుము జాగ్రత్త!

* వీపు గూనిలా వంచి, చేతులతోనే లాగితే నడుంనొప్పి ఖాయం.

* గాలి చక్రం పక్కనుండే మీటను 10 మీద పెట్టడం గొప్ప కాదు. కొత్తవాళ్లకు 3 నుంచి 5 చాలు.

* మొదట్లో అయిదు నిమిషాలే చేయండి. నిమిషానికి 20 - 24 సార్లు లాగితే సరిపోతుంది.

* డిస్కు సమస్య, గుండెజబ్బు ఉన్నవాళ్లూ, మోకాలు పూర్తిగా వంచితే నొప్పి వచ్చేవాళ్లూ డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

'ఈ వయసులో కొత్తగా నేర్చుకోవాలా' అంటారా? మహారాష్ట్రలోని కరవు పల్లెలో పుట్టిన దత్తు భోకనల్‌ సైన్యంలో చేరాకే తెడ్డు పట్టారు. 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లారు. 2018 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన నలుగురి జట్టులో ఆయనా ఒకరు. మనకు పతకాలక్కర్లేదు, నొప్పుల్లేని ఒళ్లు చాలు. ఈసారి జిమ్‌కి వెళ్తే ఆ మూలకి ఓసారి వెళ్లి చూడండి. కాళ్లు ముందు, చేతులు తర్వాత... మర్చిపోకండేం!