కొండెక్కే బండికి ముందు విరిగేదేది?

హోండాతో ఉమ్మడి కాపురం వదిలి హీరో వేరుపడింది 2011లో. ఆ ఏడాదే ఇంపల్స్ అనే 150 సీసీ బండిని బజారులోకి తెచ్చింది. తారు రోడ్డు అయిపోయినా ఆగక్కర్లేని రకం. చూసి మెచ్చుకున్నవాళ్లు ఎక్కువ, కొన్నవాళ్లు తక్కువ. కొన్నేళ్లకు అది మూలనపడింది. 2019 మేలో అదే ఆలోచన ఎక్స్‌పల్స్ 200గా మళ్లీ వచ్చి, ఈసారి నిలదొక్కుకుంది. 199.6 సీసీ ఇంజను, ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, రెండిటికీ స్పోకులు, ట్యూబ్ టైర్లు. బండి పొట్టకూ నేలకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ. ముందు ఫోర్కులు 190 మిల్లీమీటర్ల దాకా ఆడతాయి.

బ్రోచర్‌లో ఇవన్నీ బండి గొప్పలు. పాడేరు ఘాట్ ఎక్కే కుర్రాళ్లకు అమ్ముదామని విశాఖలో ఒకాయన కొత్తగా డీలర్‌షిప్ తీసుకున్నాడనుకోండి. ఆయన మాత్రం వీటిని ఇంకోలా చదువుకోవాలి. స్పేర్ల గదిలో ఏ అరలు నిండుగా ఉండాలో, ఏవి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదో ఆ అంకెల్లోనే ఉంది.

కొత్త డీలర్ భయమంతా ఇంజను మీదే ఉంటుంది. పిస్టను, క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చైను ముందే తెప్పించి పెట్టుకుంటాడు. నిజానికి ఎక్స్‌పల్స్ మొదట వచ్చినప్పుడు దాని ఇంజను దాని ఒక్కదానిదే కాదు, ఎక్స్‌ట్రీమ్ 200ఆర్ అనే రోడ్డు బండితో పంచుకున్నది. కాబట్టి లోపలి సామాను చాలావరకు పక్క డీలర్ దగ్గరో డిపోలోనో దొరుకుతుంది. పైగా అంత తొందరగా పోదు కూడా. దొరకనిది 21 అంగుళాల ట్యూబు. మామూలు బైకుల చక్రాలు 17, 18 అంగుళాలవి. ఏజెన్సీ ఊళ్లో పంక్చరు షాపతను ఎప్పుడో వచ్చే ఒక్క బండి కోసం ఆ ట్యూబు ఎందుకు కొని పెట్టుకుంటాడు?

ఫోర్కు సంగతి కాస్త దగ్గరగా చూడాలి. నున్నటి గొట్టం రబ్బరు సీల్ గుండా జారుతూ ఉంటుంది. లోపలి ఆయిల్ బయటికి రాకుండా ఆపేది ఆ సీల్ తాలూకు సన్నటి అంచే. అందుకే ఈ బండి ఫోర్కులకు మడతల రబ్బరు తొడుగులు వేశారు. తొడుగు చిరిగినా, కింది పట్టు వదులైనా వాగు నీళ్లతో పాటు ఒండ్రు లోపలికి పోయి గొట్టం మీద ఎండిపోతుంది. మరుసటి గోతిలో ఫోర్కు అణగగానే ఆ ఒండ్రులోని ఇసుక, దుమ్మును ఆపే బయటి డస్ట్ సీల్‌ను దాటుకుని అసలు సీల్ అంచును కోస్తుంది. కారిన ఆయిల్ బ్రేకు ప్యాడ్ల దాకా వెళ్లిందంటే బ్రేకు పట్టదు. సీల్ ఉండి ఫోర్కు ఆయిల్ లేకపోయినా, ఆయిల్ ఉండి తొడుగు లేకపోయినా ఆ బండి షెడ్డులో పడి ఉండాల్సిందే. ఇలాంటివి సెట్లుగా ఆర్డరు పెట్టాలి. అలాగని గుట్టలుగానూ తెప్పించకూడదు, రబ్బరు అరలో ఉన్నా ముసలిదవుతుంది.

అరుగుదలను కిలోమీటర్లు చూసి, వానలు చూసి కొంత అంచనా వేయొచ్చు. మరి పడిపోవడాన్ని? బండి పక్కకు ఒరిగితే దెబ్బ తినేవి క్లచ్ లివర్, బ్రేకు లివర్, ఇండికేటర్లు, గేరు పెడలు. ఎవరు ఎప్పుడు పడతారో చెప్పలేం. ఎంతమంది పడతారో మాత్రం చెప్పే లెక్క ఒకటుంది, అది గుర్రాల మీద రుజువైంది. గుర్రం తన్ని చనిపోయిన ప్రష్యా సైనికుల వివరాలను లాడిస్లావస్ బోర్ట్‌కీవిచ్ అనే గణాంకవేత్త 1898లో ప్రచురించాడు. అందులో పది దళాల ఇరవై ఏళ్ల లెక్క తీసుకుంటే మొత్తం 122 మరణాలు. ఒక్కో దళానికి ఏడాదికొకటి చొప్పున ఉన్న 200 నమోదుల్లో 109 చోట్ల ఒక్కరూ చనిపోలేదు. ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ 1837లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఆ సంఖ్య 108.7 రావాలి! ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన పాయిజాన్ విభాజనం ఇదే.

దాన్ని మన కౌంటర్ దగ్గరికి తెద్దాం. డిపో నుంచి సరుకు రావడానికి పది రోజులు పడుతుందనీ, ఆలోగా సగటున రెండు క్లచ్ లివర్లు అడుగుతారనీ అనుకుందాం. సగటు రెండే కదా అని రెండే ఉంచితే, దాదాపు మూడింట ఒకసారి ఎవరో ఒకరు వట్టి చేతులతో తిరిగిపోతారు. ఐదు ఉంచితే ఆ గండం నూటికి రెండుసార్లకు తగ్గుతుంది. అడిగేవాళ్లు పదింతలై సగటు ఇరవైకి చేరితే లివర్లు యాభై అక్కర్లేదు, ముప్పై చాలు. సగటు మీద అదనంగా ఉంచాల్సింది మూడు నుంచి పదికే పెరిగింది. ఎప్పుడో గానీ అడగని క్యామ్‌షాఫ్టును ప్రతి డీలరూ కొనిపెట్టుకోవడం కన్నా అందరి గిరాకీ కలిసే ఒక్క డిపోలో ఉంచడం చవక కావడానికి కారణం ఇదే.

ఒక్క చిక్కుంది. గుర్రాలు కూడబలుక్కుని తన్నవు. కుర్రాళ్లు మాత్రం గుంపుగా వెళ్లి, వాన పడ్డ ఆదివారం ఒకే బురదలో ఒకరి వెనక ఒకరు పడతారు. సూత్రం చెప్పినదానికి ఇంకో రెండు లివర్లు కలుపుకోవడం మంచిది. లివర్ బ్రాకెట్‌ను గట్టిగా తిప్పితే కదిలేంత బిగువులోనే ఉంచితే, పడ్డప్పుడు లివర్ విరగకుండా పక్కకు తిరుగుతుందని తెలిసిన మెకానిక్కులు డెలివరీ నాడే చెప్తారు. లివర్ల అమ్మకం తగ్గుతుంది, నిజమే. నేనైతే అలాంటి మెకానిక్ ఉన్న షాపులోనే బండి కొంటాను.

బండి కూడా ఉన్నచోట ఉండలేదు. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఒక్కటే మిగిలింది, ఆయిల్ కూలర్ చేరింది. 2021 అక్టోబరులో నాలుగు వాల్వుల ఇంజను వచ్చింది. ర్యాలీ కిట్ బిగించుకున్న బండికి ముందు ఫోర్కు 250 మిల్లీమీటర్లు ఆడుతుంది, దాని సామాను వేరు. అందుకని ‘ఎక్స్‌పల్స్ పార్టు’ అని అడిగితే సరిపోదు. ఛాసిస్ నంబరు చూడందే పార్టు నంబరు తీయకూడదు. డెడ్ స్టాక్ ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

మొదటి ఏడాది డీలర్ దగ్గర పాత లెక్కలేవీ ఉండవు. కంప్యూటర్‌కు బిల్లయిన సరుకే తెలుసు. లేదని పంపేసిన మనిషి దానికి కనబడడు. కౌంటర్ మీద ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, ఛాసిస్ నంబరు, అడిగిన పార్టు రాయించాలి. ఆ పుస్తకం లేకపోతే, స్టాకులో అసలు పెట్టని గేరు పెడలుకు ఏడాది చివర అమ్మకం సున్నా అని కంప్యూటర్ చూపిస్తుంది. వచ్చే ఏడాదికి ఆర్డరు కూడా సున్నాయే వేస్తుంది.