పెళ్ళింట్లో ప్రేమకథ

మధ్యాహ్నం అన్నాలయ్యాక గంటసేపు చదువుకోవడానికి ఏ నవల తీసుకోమంటారని ఎవరైనా అడిగితే, పల్లెటూరి పెళ్ళిలో నడిచే సరదా ప్రేమకథ ఒకటి చూసుకోండమ్మా అంటాను. "అలాంటివి ఎన్ని చదవలేదు! పట్నం పిల్ల పెళ్ళికి వెళుతుంది, అక్కడ బావ కనబడతాడు, ముందు పోట్లాట, ఆపైన మూడు ముళ్ళు. ఇంతేగా?" అని మీరు నవ్వవచ్చు. నిజమే, ఇంతే. కాని ఈ కథల్ని రచయిత్రులు ఏరికోరి పెళ్ళింటికే ఎందుకు తీసుకుపోతారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ నవలల కాలంలో ఈడొచ్చిన పిల్ల ఒక కుర్రాడితో వీధి గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు మాట్లాడితే, సాయంత్రానికి అవి నలభై అయ్యేవి. పెళ్ళింట్లో ఆ భయం లేదు. ఒకళ్ళు పందిరి గుంజకు మామిడాకులు కడుతుంటే ఇంకొకళ్ళు దారం అందించాలి. బంతిలో పప్పు వడ్డించేవాడి వెనకే నెయ్యి గిన్నెతో మరొకరు నడవాలి. పైగా వరసలున్నాయాయె! బావా మరదళ్ళు పరాచికాలాడకపోతేనే పెద్దవాళ్ళకు అనుమానం. ఆ వేళాకోళం చాటునే పిల్ల తన మనసులో మాట అనేస్తుంది. కుదరకపోతే, "ఊరికే అన్నాను" అని తప్పించుకోనూ వచ్చు. పెళ్ళి మూడు రోజుల్లో అయిపోతుంది గనక ఆ మాటేదో ఆలోగానే అనాలి. రచయిత్రికి ఇంతకన్నా ఏం కావాలి?

మన యద్దనపూడి సులోచనారాణిగారి 'మీనా' గుర్తుందా? తల్లి అదుపులో పెరిగిన కలవారి బిడ్డ పల్లెటూళ్ళో బంధువుల ఇంటికి వెళ్ళి, వ్యవసాయం చేసుకునే బావను ఇష్టపడుతుంది. విజయనిర్మలగారు దాన్ని 1973లో సినిమాగా తీశారు. 2016లో వచ్చిన 'అ ఆ' చూసి చాలామంది, "ఇది మన మీనా కథలా ఉందే!" అనుకున్నారు. ఇన్నేళ్ళయినా కథ పాతబడలేదంటే కారణం బావగారి అందం కాదని నా ఉద్దేశం. అంతవరకూ అమ్మ చెప్పినట్లే కట్టి, తిని, నవ్విన పిల్ల మొదటిసారి తనకేం కావాలో తాను తెలుసుకుంటుంది. పాఠకురాలు పేజీ తిప్పేది అందుకే.

ఇది మనకొక్కళ్ళకే చెందిన సంగతి కాదు. ఇంగ్లండులో థామస్ హార్డీ 1872లో 'అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ' అని ఒక నవల రాశాడు. ఫ్యాన్సీ డే అనే బడిపంతులమ్మ డిక్ అనే కుర్రాణ్ణి కోరుకుంటుంది. తండ్రి ఒప్పుకోడు. పిల్ల ఏం చేసిందనుకున్నారు? అన్నం మానేసింది! చివరికి తండ్రి దిగివచ్చాడు. పెళ్ళినాడు వరుడు ఆలస్యంగా వస్తాడు, తేనెటీగలు తుట్టె కదిలి లేస్తే వాటిని పట్టి గూటిలో పెట్టి వచ్చాడట! హాయిగా నవ్వుకుంటాం. చివర మాత్రం చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. మధ్యలో ఒకరోజు ఆ ఊరి మతగురువు అడిగితే ఆమె పెళ్ళికి సరేనని, మర్నాడే మాట వెనక్కి తీసుకుంది. మనమధ్య దాపరికాలు వద్దని కొత్త పెళ్ళికొడుకు అంటుంటే, ఆమె ఆ సంగతి తనలోనే దాచుకుంటుంది.

మన సరదా నవలలు ఇలాంటి ముళ్ళను ముందే ఏరేస్తాయి. ముఖ్యంగా కట్నం. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా, పెళ్ళి పెద్దలు గదిలో తలుపు వేసుకుని ఏం మాట్లాడుకుంటారో మనకు తెలియనిదా? నవలలో మాత్రం ఆ తలుపు తెరుచుకోదు. నవ్వించమనే అడుగుతున్నాం గాని, ఆ గదిని దాటిపోయి నవ్వించమని కాదు గదా.

ఇంకొక ఫిర్యాదు కూడా ఉంది. నేను చదివిన ఇలాంటి నవలల్లో పెళ్ళంటే ఎక్కువగా కోస్తా పల్లెలే, కొబ్బరాకుల పందిళ్ళే. హైదరాబాదులో ఉన్నవాళ్ళు నాగార్జునసాగర్ బస్సెక్కి ఇబ్రహీంపట్నం దాటితే యాచారం. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో లగ్గం అంటే ఎంత కథ ఉందనుకున్నారు! ముందు పోచమ్మకు బోనం. కుమ్మరి ఇంటినుంచి ఐరేని కుండలు డప్పులతో తేవాలి. మైలపోలు తీయాలి. ఎదురుకోళ్ళనాడు రెండు వైపులవాళ్ళూ ఎదురెదురుగా నిలబడి మర్యాదలు చేసుకుంటుంటే, వెనక ఆడవాళ్ళు వియ్యంకుల్ని పాటల్లో దులిపేస్తుంటారు. పెళ్ళికూతురు నోట అనకూడని మాటలన్నీ ఆ పాటల్లో వచ్చేస్తాయి. ఎవరికీ కోపం రాకూడదు మరి!

అత్తారింటి గడపలో ఆడబిడ్డలు అడ్డం నిలబడి, "మా అన్న పేరు చెబితేనే లోపలికి" అంటారు చూడండి, నేనైతే నవలను అక్కడ మొదలుపెడతాను. అందరూ సిగ్గనుకుని నవ్వుతుంటారు. ఆ పిల్ల ఎందుకు ఆలోచిస్తున్నదో, ఆ పేరు చెప్పడానికి తనను ముందుగా ఎవరైనా అడిగారో లేదో, మిగతా పుస్తకమంతా అదే చెప్పాలి. యాచారం వైపు పుట్టిన అమ్మాయి ఎవరైనా రాస్తే, మొదటి ప్రతి నేనే కొనుక్కుంటాను.