విమానం కొన్నాం సరే.. మేపేదెలా?

గతేడాది మేలో మా నాన్న గుడివాడ నుంచి డాలస్ వచ్చారు. కొడుకు నడిపే విమానంలో, కొడుకు పక్క సీట్లో కూర్చుని ఒక్కసారి ఎగరాలన్నది ఆయన కోరిక. బయల్దేరే ముందే బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పుకొన్నారు. ఆరు నెలలు మాతో ఉండి అక్టోబరు చివర్లో తిరిగి వెళ్లిపోయారు. ఆ ఆరు నెలల్లో మా విమానం ఒక్కసారి కూడా నేల విడవలేదు. తప్పు విమానానిది కాదు. నాదీ, నా భాగస్వామిదీ. ఈమధ్య పైలట్ లైసెన్స్ తీసుకుని ‘మనమూ ఒకటి కొందామా’ అని లెక్కలు వేసుకుంటున్న మన కుర్రాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కారు ధరకే విమానం!

సొంత విమానం అనగానే చాలామంది జెట్‌ను ఊహించుకుంటారు. మాది సెస్నా 172. నాలుగు సీట్లు, ఒక ఇంజన్, ముందొక ప్రొపెల్లర్. 1975లో తయారైంది. అంటే వయసులో నాకంటే పెద్దది. 1956 నుంచి ఇప్పటిదాకా ఈ రకం విమానాలు 44 వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో మరే విమానాన్నీ ఇన్ని తయారు చేయలేదు. 1986లో వీటి తయారీ ఆగిపోయింది. మళ్లీ మొదలవడానికి పదేళ్లు పట్టింది. కొత్తది కొనాలంటే లక్షల డాలర్లు కావాలి. అందుకే మాలాంటి ఉద్యోగస్తులు పాతవాటి కోసం వెతుకుతుంటారు. 2021లో వరంగల్‌కు చెందిన మిత్రుడు, నేను కలిసి 70 వేల డాలర్లకు దీన్ని కొన్నాం. చెరి సగం. ఓ మంచి కారుకు పెట్టే డబ్బులో సగం విమానం వచ్చేసిందని మురిసిపోయాం.

ఇక్కడ ఓ మాట చెప్పాలి. అమెరికాలో విమానాన్ని మన పేరు మీద రిజిస్టర్ చేసుకోవాలంటే పౌరసత్వమో, గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. మా ఇద్దరికీ గ్రీన్‌కార్డులు వచ్చిన ఏడాదే ఈ ముచ్చట తీర్చుకున్నాం. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడకూడదని పెద్దలు ఊరికే అనలేదని మాకు తర్వాత తెలిసింది.

కారుకు ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించకపోయినా అడిగేవాళ్లు ఉండరు. విమానానికి అలా కుదరదు. ప్రతి 12 నెలలకు ‘యాన్యువల్ ఇన్‌స్పెక్షన్’ చేయించాల్సిందే. లైసెన్స్ ఉన్న మెకానిక్‌లందరికీ దాన్ని ఆమోదించే అధికారం ఉండదు. అందుకు వేరే అర్హత కావాలి. అది ఉన్నవాళ్లు తక్కువ. అపాయింట్‌మెంట్ కోసం నెలల ముందే చెప్పుకోవాలి. ట్రాన్స్‌పాండర్‌కు 24 నెలలకోసారి పరీక్ష. ఇంజన్ ఆయిల్ 50 గంటలకోసారి మార్చాలి. ఇవి కాక, ఎక్కడైనా ఒక లోపం బయటపడితే ఆ రకం విమానాలన్నింటికీ ప్రభుత్వం ఆదేశం ఇస్తుంది. మా విమానంలో సీట్లు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు అరిగాయేమో ఎప్పటికప్పుడు కొలిచి చూడాలన్నది అలాంటి ఆదేశమే. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే పైలట్‌కు కంట్రోల్ యోక్ అందదు మరి.

విడిభాగాల సంగతి ఇంకో తలనొప్పి. చూడటానికి కారు షాపులో దొరికేదానిలాగే ఉంటుంది. కానీ అది బిగించకూడదు. విమానానికి ఆమోదం పొందిన భాగమే, కాగితంతో సహా కావాలి. ఆ కాగితానికే మూడు రెట్ల ధర అని మావాడు అంటుంటాడు. మనం చేతులారా చేసుకోదగిన పనులూ కొన్ని ఉన్నాయి. ఆయిల్ మార్చడం, టైర్లు, బ్యాటరీ, లైట్ల బల్బులు, స్పార్క్ ప్లగ్‌లు శుభ్రం చేయడం లాంటివి. నాలుగు సిలిండర్లకు ఎనిమిది ప్లగ్‌లు. మేం వాడే పెట్రోలులో ఇప్పటికీ సీసం ఉంటుంది. అది చిన్నచిన్న పూసల్లా ప్లగ్ అడుగున పేరుకుంటుంది. శనివారం పొద్దున్నే హ్యాంగర్‌లో కూర్చుని సూదిలాంటి పనిముట్టుతో వాటిని గీకి తీస్తుంటే నాకు భలే సరదాగా ఉండేది. విమానం గురించి అంతా తెలిసిపోయిందన్న ధీమా కూడా అక్కడే మొదలైంది.

ఒక డబ్బా.. ఐదు నెలలు

2022 అక్టోబరులో మా ట్రాన్స్‌పాండర్ పాడైంది. రాడార్‌కు మన విమానం ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో చెప్పే డబ్బా అది. డాలస్ పెద్ద విమానాశ్రయం చుట్టూ 30 నాటికల్ మైళ్ల పరిధిలో అది లేకుండా మామూలుగా ఎగరడానికి వీల్లేదు. మా చిన్న ఎయిర్‌పోర్టు ఆ పరిధిలోనే ఉంది. డబ్బాను రిపేరుకు పంపాం. రెండు వారాల్లో ఇస్తామన్నారు. రెండు నెలలైంది. ఒక పార్టు రావాలన్నారు. పార్టు వచ్చాక అది సరిపోలేదన్నారు. నేను వారానికోసారి ఫోన్ చేయడం, ‘వచ్చే వారం’ అని వాళ్లు అనడం. కొత్తది కొనేద్దామంటే 5 వేల డాలర్ల ఖర్చు. ఎలాగూ వచ్చేస్తుంది కదా అని ఆగాం. వచ్చేసరికి మార్చి అయింది.

ఆ ఐదు నెలలూ మేం విమానాన్ని వదిలేయలేదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఊళ్లో కారును ఎక్కువ రోజులు తీయకపోతే అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతాం కదా! మేమూ అదే చేశాం. రెండు వారాలకోసారి హ్యాంగర్ తలుపులు తీసి, విమానాన్ని బయటికి లాగి, ఇంజన్ ఆన్ చేసి, పది నిమిషాలు నడిపి ఆపేసేవాళ్లం. ఇంజన్‌ను కాపాడుతున్నామనుకున్నాం. చేజేతులా దాన్ని పాడు చేస్తున్నామని మాకు తెలియలేదు.

పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంత ఇంజన్ లోపలికి చేరుతుంది. గాల్లో గంటసేపు ఎగిరితే ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమ బయటికి పోతుంది. నేల మీద పది నిమిషాలు నడిపితే తేమ చేరుతుంది గానీ పోయేంత వేడి రాదు. ఇంకో సంగతి. మా ఇంజన్‌లో కామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది, క్రాంక్‌షాఫ్ట్ కింద. ఇంజన్ ఆగాక పైనున్న దాని మీది ఆయిల్ మెల్లగా కిందికి జారిపోతుంది. పొడిబారిన ఉక్కు, పక్కన తేమ. ఇక తుప్పు పట్టకుండా ఎలా ఉంటుంది? 30 రోజులకు మించకుండా కనీసం ఒక గంట ఏకధాటిగా, ఆయిల్ వేడి 165 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండేలా ఎగరాలని ఇంజన్ తయారీదారు సూచనల్లోనే ఉంది. నేల మీద నడపడం దానికి బదులు కాదని కూడా ఉంది. మేం అది చదవలేదు.

ఫిల్టర్‌లో తళుకులు

2023 యాన్యువల్‌లో ఏమీ కనబడలేదు. 2024 మేలో మళ్లీ విమానాన్ని మెకానిక్‌కు అప్పగించాం. ఈ పనిలో 40 ఏళ్లుగా ఉన్న పెద్దాయన. మాట తక్కువ. ముందు కంప్రెషన్ పరీక్ష చేశారు. సిలిండర్‌లోకి 80 పౌండ్ల పీడనంతో గాలి పంపి, ఎంత నిలుస్తుందో చూస్తారు. మూడింట్లో 74కు పైనే వచ్చింది. నాలుగో దాంట్లో 56. ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర గాలి బుసబుసలాడుతూ లీకవుతోంది. అది పెద్ద విషయం కాదు, సిలిండర్ ఒకటి విప్పితే సరిపోతుందన్నారు. తర్వాత ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, లోపలి మడతల కాగితాన్ని విప్పి ఎండలో పట్టుకున్నారు. తళతళా మెరిసింది. దగ్గరికి అయస్కాంతం పెడితే ఆ పొడి ఎగిరి అతుక్కుంది. ఉక్కు రజను అది.

ఆ రోజు నాన్న కూడా నాతో వచ్చారు. ఆయన ఆర్టీసీ డిపోలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇంగ్లిష్ అంతంతమాత్రం. మెకానిక్ ఆ కాగితాన్ని నాకివ్వకుండా నేరుగా ఆయన చేతికిచ్చారు. నాన్న రజనును రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, తల అడ్డంగా ఊపారు. మెకానిక్ కూడా అలాగే ఊపారు. నాకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మర్నాడు సిలిండర్ విప్పాక ఆ సందులోంచి లైటు వేసి చూస్తే కామ్‌షాఫ్ట్ మీద గుంటలు గుంటలుగా కనబడింది. దాన్ని మార్చాలంటే ఇంజన్‌ను దించి రెండు చెక్కలుగా విప్పాలి. అంతా విప్పాక పాత భాగాలతో మళ్లీ బిగించడం దండగ. అంటే పూర్తి ఓవర్‌హాల్. అంచనా 36 వేల డాలర్లు. విమానం కొన్న ధరలో సగానికి పైనే.

సంతకం ఆయనది.. బాధ్యత మాది

ఆ రాత్రి మా ఇద్దరు భాగస్వాముల మధ్య పెద్ద వాదనే జరిగింది. ‘‘అన్నా, గిన్ని రోజులు మంచిగనే తిరిగింది గదా! సిలిండర్ ఒక్కటి బాగు చేయించి నడుపుదాం. ఇంకో మెకానిక్ ఉన్నడంట, గింత పట్టింపు ఉండదంట’’ అన్నాడు మావాడు. వాడి కూతురు ఆ ఏడాదే కాలేజీలో చేరుతోంది. 18 వేల డాలర్లు వాడికి చిన్న మొత్తం కాదు. నాకూ కాదు. ‘‘ఆ డబ్బుతో ఊళ్లో స్థలం వచ్చేది’’ అని మా ఆవిడ అననే అంది.

నిజం చెప్పాలంటే నేనూ ఊగిసలాడాను. నాన్న టికెట్ తేదీ క్యాలెండర్‌లో కనిపిస్తోంది. ఇంజన్ ఓవర్‌హాల్‌కు ఐదారు నెలలు ఆగాలంటున్నారు. ఆ రెండో మెకానిక్ దగ్గరికి పోతే నెలలో నాన్నను ఎక్కించవచ్చు. ఒక్క గంట. ఒకే ఒక్క గంట కదా!

మెకానిక్ సంతకం పెట్టేస్తే బాధ్యత ఆయనదని చాలామంది అనుకుంటారు. అమెరికా నిబంధనల్లో స్పష్టంగా ఉంది.. విమానాన్ని ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే ప్రధాన బాధ్యత యజమానిదే, లేదా దాన్ని నడిపించేవాళ్లదే. ఆ రజనును నేను కళ్లారా చూశాను. చూశాక ఎవరి సంతకం చూపించి పక్క సీట్లో నాన్నను కూర్చోబెట్టుకోను? మావాడికి ఆ మాటే చెప్పాను. వాడు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు ‘‘మీ బాపునే కాదన్నా, నా బిడ్డను కూడా అందులనే కూసోబెడత గదా’’ అని మెసేజ్ పెట్టాడు. జూన్‌లో ఇంజన్ దించి పంపించాం. వాడు విమానం లోన్ తీసుకున్నాడు. నేను పాత షేర్లు అమ్మాను.

నాన్నకు విషయం చెబితే, ‘‘విప్పాక బేరింగులు కూడా మార్చమను’’ అన్నారు. అంతే. ఆ వేసవంతా ఆయన వారానికోసారి నాతో హ్యాంగర్‌కు వచ్చి, ముక్కులేని ఆ విమానం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. సీటు పట్టాలు తుడిచారు. తలుపు గొళ్లెం సరిచేశారు. ఊరి నుంచి ఫోన్లు వస్తే మాత్రం ‘‘ఇంకా ఎక్కలేదురా, రిపేర్లో ఉంది’’ అని చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించేవారు. అది వినడం నాకు 18 వేల డాలర్ల కంటే కష్టంగా అనిపించింది.

ఇప్పుడేం చేస్తున్నాం?

ఇంజన్ నవంబరులో వచ్చింది. డిసెంబరులో యాన్యువల్ పూర్తయి లాగ్‌బుక్‌లో సంతకం పడింది. కొత్తగా బిగించిన ఇంజన్‌ను నేల మీద ఎక్కువసేపు నడపకూడదు. ఎయిర్‌పోర్టు చుట్టూనే తిరుగుతూ, ఎక్కువ పవర్‌తో గంటకు పైగా ఎగిరాను. కిందికి దిగాక నా చొక్కా తడిసిపోయింది. పాతిక గంటలకు ఫిల్టర్ కోసి చూశాం. కాగితం శుభ్రంగా ఉంది. ఫొటో తీసి నాన్నకు పంపాను.

ఇప్పుడు హ్యాంగర్ గోడ మీద ఓ చార్టు ఉంది. రెండు వారాలకోసారి ఇద్దరిలో ఒకరు గంట ఎగరాలి. ఎగరలేకపోతే కారణం రాయాలి. నెల దాటేలా ఉంటే ఇంజన్‌ను నిల్వకు సిద్ధం చేయడానికి మెకానిక్‌కు ఫోన్ చేయాలి. ఎగిరిన ప్రతి గంటకూ 25 డాలర్లు ఇంజన్ ఖాతాలో వేస్తున్నాం. కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. విమానం ధర కాదు, లాగ్‌బుక్ చూడండి. ఎన్ని గంటలు తిరిగిందని మాత్రమే అడగకండి, ఎన్ని నెలలు కదలకుండా ఉందో కూడా అడగండి. కొనే ముందు అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌తో విప్పించి చూడండి. ఏడాదికి 50 గంటలైనా ఎగిరే తీరిక లేకపోతే, అద్దెకు తీసుకుని ఎగరడమే మేలు.

ఈ డిసెంబరులోగా మళ్లీ యాన్యువల్. మెకానిక్ దగ్గర తేదీ ఆగస్టులోనే తీసుకున్నాం. నాన్నకు మార్చి మొదటి వారానికి టికెట్ బుక్ చేశాను. జనవరి, ఫిబ్రవరి నెలలు ఏమైనా దొరుకుతాయేమోనని రిపేర్ల కోసం ఖాళీగా వదిలేశాం. ఈసారి ఊళ్లో ఎవరికీ ముందే చెప్పవద్దని నాన్నను బతిమాలాను. ఆయన అప్పటికే చెప్పేశారట!