కెరటానికి ఎంత దూరంలో ఇల్లు?

చీమకుర్తి నల్లరాయి ప్రపంచమంతా తిరిగింది. బంగారు చుక్కలు చల్లినట్టుండే ఆ గెలాక్సీ గ్రానైట్‌కు మెరుపునిచ్చేది బ్రాంజైట్ అనే ఖనిజం. ఆ రాయి తీసే క్వారీల దుమ్ములో, కర్నూలు రోడ్డు మీద లారీల మోతలో ఏళ్లు గడిపినవాళ్లకు సముద్రం ఒడ్డున చిన్న ఇల్లుంటే బాగుండునన్న ఆశ కలగడం సహజం. పైగా సముద్రం దూరమేమీ కాదు. చీమకుర్తి నుంచి ఒంగోలు మీదుగా కొత్తపట్నానికి సుమారు నలభై కిలోమీటర్లు. పొద్దున టిఫిన్ చేసి బయలుదేరితే ఎండ ముదరకముందే ఇసుకలో కాళ్లు పెట్టొచ్చు.

కొత్తపట్నానికి దక్షిణాన సింగరాయకొండ మండలంలో పాకల ఉంది. ఉత్తరాన చినగంజాం, వేటపాలెం దగ్గర రామాపురం, చీరాల వాడరేవు వరసగా వస్తాయి. ఈ ఉత్తరపు ఊళ్లు 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా సాగే 216వ జాతీయ రహదారి, గుడ్లూరు మండలంలో కడుతున్న రామాయపట్నం ఓడరేవు ఈ తీరం మీద కొత్త ఆశలు రేపాయి. సరుగుడు తోటల మధ్య రంగు జెండాలు పాతి ‘బీచ్ వ్యూ ప్లాట్లు’ అని బోర్డు పెడితే ఆగి చూడనివాళ్లు తక్కువ.

ఆగి చూడటంలో తప్పు లేదు. అయితే అడ్వాన్సు ఇచ్చే ముందు, తరతరాలుగా అక్కడే బతుకుతున్నవాళ్లు ఇళ్లు ఎక్కడ కట్టుకున్నారో కూడా చూడాలి. ఈ తీరంలో చాలాచోట్ల అసలు ఊరు లోపలికి ఉంటుంది. వేటకు వెళ్లేవాళ్ల పల్లెపాలెం మాత్రం సముద్రానికి దగ్గరగా, ఇసుక దిబ్బల వెనక ఉంటుంది. పడవలు, వలలు, చేపలు ఆరబెట్టే చోటు దిబ్బకు ముందు. పొయ్యి, పడక దిబ్బకు వెనక. ఈ ఏర్పాటును ఎవరూ కాగితం మీద గీయలేదు. తుపాన్లు నేర్పాయి.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు ఐదు మీటర్ల ఎత్తున ఊళ్ల మీదికి వచ్చింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. 1990 మేలో మరో పెనుతుపాను కోస్తాను అతలాకుతలం చేసింది. 2004 డిసెంబరు 26 సునామీ రాష్ట్రంలో వందమందికి పైగా బలితీసుకుంది. పెదగంజాం నుంచి చెన్నై వైపు తీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువ ఆ రోజు లోపలికి దూసుకొచ్చిన నీటిని చాలావరకు తనలో కలుపుకుని ఎందరినో కాపాడింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కాబట్టి దిబ్బను చదును చేసి, సరుగుడు చెట్లు కొట్టేసి, ‘సముద్రం ఇంట్లోంచే కనిపిస్తుంది’ అని అమ్మే ప్లాటులో సముద్రానికీ ఇంటికీ మధ్య ఉన్న అడ్డు తీసేసినట్టే. అక్కడి నుంచి తుపాను షెల్టరు ఎంత దూరమో, వర్షంలో ఆ దారి మునుగుతుందో లేదో ఊళ్లోవాళ్లను అడిగితే నిమిషంలో చెబుతారు.

చట్టం గీసిన గీత

తీరం మీద కట్టడాలను నియంత్రించే కేంద్ర నోటిఫికేషన్ మొదట 1991 ఫిబ్రవరిలో వచ్చింది. దాన్నే సీఆర్‌జడ్ అంటారు. 2011లో ఒకసారి, 2019లో మరోసారి దాన్ని మార్చి రాశారు. పోటు సమయంలో నీరు ఎక్కేదాకా ఎక్కి ఆగే గీతను లెక్కలోకి తీసుకుని, అక్కడి నుంచి 500 మీటర్ల వరకు ఈ నిబంధనలు వర్తిస్తాయి. సముద్రపు నీరు ఎక్కిదిగే మొగల, పాయల వెంట కూడా కొంత మేర వర్తిస్తాయి. కంటికి కనిపించే తడి ఇసుక అంచు ఆ గీత కాదు. దాన్ని చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం శాస్త్రీయంగా గుర్తించింది.

పల్లెల తీరానికి 2011 నిబంధన ప్రకారం మొదటి 200 మీటర్లలో కొత్త ఇల్లు కట్టకూడదు. 2019లో పల్లెలను రెండు తరగతులు చేశారు. చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్నచోట ఈ నిషేధాన్ని షరతులతో 50 మీటర్లకు తగ్గించారు. అంతకంటే తక్కువ ఉంటే 200 మీటర్లే. 2011 జనాభా లెక్కల్లో పాత ప్రకాశం జిల్లా సగటు 193. అంటే మన పల్లెల్లో చాలావాటికి 200 మీటర్ల లెక్కే గుర్తుంచుకోవడం క్షేమం. కొత్త సడలింపులు సైతం రాష్ట్ర తీర పటం ఆమోదం పొందాకే అమల్లోకి వస్తాయి.

ఎక్కువమంది పొరబడేది 200 నుంచి 500 మీటర్ల మధ్య. అక్కడ ఇళ్లు కట్టొచ్చు గానీ, తరతరాల హక్కు, వాడుక ఉన్న మత్స్యకార గ్రామాల వంటి స్థానిక నివాసాల కోసమే ఆ వెసులుబాటు. ఎత్తు తొమ్మిది మీటర్లు దాటకూడదు. కింద ఒకటి, పైన ఒకటి, రెండంతస్తులే. చీమకుర్తి నుంచో హైదరాబాద్ నుంచో వచ్చి స్థలం కొన్నవాళ్లకు ఆ హక్కు స్థలంతో పాటు వచ్చేయదు. బయటివాళ్లకు నిశ్చింత ఇచ్చే దూరం 500 మీటర్ల అవతలే.

మరి రిజిస్ట్రేషన్ ఎలా అవుతోంది అంటే, స్థలం కొనడం వేరు, దాని మీద కట్టడం వేరు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం దస్తావేజు నమోదు చేస్తుంది గానీ, అక్కడ ఇల్లు కట్టొచ్చని హామీ ఇవ్వదు. పంచాయతీ ఇచ్చిన ప్లాను కూడా సీఆర్‌జడ్‌కు మించినది కాదు. కేరళలో కొచ్చి పక్కన మరడు అనే చోట స్థానిక సంస్థ అనుమతితోనే పెద్ద అపార్ట్‌మెంట్లు లేచాయి. అవి తీర నిబంధనలకు విరుద్ధమని 2019 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు సముదాయాలను పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఫ్లాట్లు కొన్నవాళ్లకు మధ్యంతర పరిహారంగా కోర్టు 25 లక్షల చొప్పున ఇప్పించింది గానీ, ఇళ్లు మిగల్లేదు.

అందువల్ల ప్లాటు సర్వే నంబరు చేతపట్టుకుని రాష్ట్ర తీర నిర్వహణ అథారిటీ పటంలో అది ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. గ్రామాల స్థాయి పటాలను 1:4000 కొలతలో గీస్తారు కాబట్టి సర్వే నంబరు దానిలో దొరుకుతుంది. ‘మా వెంచర్ గీతకు అవతలే ఉంది’ అని ఏజెంటు చెబితే, ఆ మాటను పటం మీద చూపించమనాలి.

ఎవరి భూమి?

తీర గ్రామాల్లో పట్టా భూమితో పాటు రకరకాల భూములు కలిసి ఉంటాయి. సముద్ర పోరంబోకు, కాలువ పోరంబోకు, ఉప్పు కొఠార్ల భూములు, పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టాలు, గ్రామకంఠం. బయటికి అన్నీ ఒకే ఇసుక. రికార్డులో మాత్రం ఒక్కోదానికి ఒక్కో కథ.

డీకేటీ విషయంలో ఎక్కువమంది దెబ్బతింటారు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం 1977 నాటి చట్టం కింద నిషేధం. 2023లో సవరణ చేసి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు పూర్తి హక్కు కల్పించారు. 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ ఫైళ్లను తిరగేసి చూడటానికి రిజిస్ట్రేషన్లు ఆపింది. కాబట్టి ‘ఫ్రీహోల్డ్ అయిపోయింది’ అనే ఒక్క మాట మీద డబ్బు పెట్టకూడదు. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూశాకే మిగతా మాటలు.

పట్టా భూమి అయితే హక్కుల రికార్డు 1-బి, సాగు వివరాల అడంగల్, పొలం కొలతల ఎఫ్‌ఎంబీ పటం, లావాదేవీలు చూపే ఈసీ నాలుగూ ఒకదానితో ఒకటి కలవాలి. కంప్యూటర్‌లో దొరికే ఈసీ 1983 నుంచి మొదలవుతుంది. అంతకుముందు చేతులు మారిన భూమికి పాత దస్తావేజులు చదివించుకోవాలి. వెంచర్‌లో కొంటే లేఅవుట్ అనుమతి ఉండాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా నంబరు కూడా ఉండాలి. గ్రామకంఠంలో పాత ఇల్లు కొనేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకం ఉండదు. ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఇరుగుపొరుగు సాక్ష్యమే ఆధారం. పెట్టేది పెద్ద మొత్తం అయితే ఒంగోలులోనో చీరాలలోనో సివిల్ లాయరుకు ఇచ్చే ఫీజు దండగ కాదు.

ఇసుక కింద తీపి నీరు

ఇల్లు కొన్నాక నీరు లేకపోతే ఏ కాగితమూ ఆదుకోదు. సముద్రం పక్కనున్న ఇసుక నేలలో వాన నీరు దిగి, కింద ఉన్న ఉప్పునీటి మీద మజ్జిగ మీద వెన్నలా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి మీటరు ఎత్తున తీపి నీరు నిలిస్తే, కింద సుమారు నలభై మీటర్ల మందాన ఆ నీరు ఉంటుందని శాస్త్రం. పైన మీటరు తగ్గితే కింద నుంచి నలభై మీటర్ల మేర ఉప్పునీరు పైకి ఎక్కుతుంది.

ఈ లెక్క చదవకుండానే మన తీర రైతులు దొరువులు తవ్వారు. దొరువంటే ఇసుకలో వెడల్పుగా, లోతు తక్కువగా తవ్విన గుంట. పై పొరలో ఊరిన తీపి నీటిని కుండలతో ముంచి నారుమళ్లకు, కూరపాదులకు పోసుకునేవాళ్లు. బాపట్లలో ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఈ దొరువును ఆధారంగా చేసుకుని మెరుగైన పద్ధతి తెచ్చారు. ఇసుకలో కొద్ది లోతున చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, నడిమి బావిలోకి తీపి నీటిని మాత్రమే చేరుస్తారు. అదే నేలలో లోతుగా బోరు వేసి పెద్ద మోటారు పెడితే, కొన్నాళ్లు బాగానే వచ్చి తర్వాత ఉప్పు తిరుగుతుంది. ఒకసారి ఉప్పు తిరిగిన బోరు మళ్లీ తీపి కావడానికి ఏళ్లు పడుతుంది. నష్టం బోరు వేసినవాడితో ఆగదు, పక్కింటి చేతిపంపు దాకా పోతుంది.

దగ్గరలో రొయ్యల చెరువులుంటే మరింత జాగ్రత్త అవసరం. తీర వ్యవసాయ భూములను, తాగునీటిని రొయ్యల సాగు పాడు చేస్తోందని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పిచ్చింది. ఆ తర్వాతే 2005లో తీర ఆక్వాసాగు అథారిటీ చట్టం వచ్చింది. నీటిని మే నెలలో పరీక్ష చేయించాలి. వానల తర్వాత ఏ బావి నీరైనా తియ్యగానే ఉంటుంది. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలని, వేరే గతి లేనప్పుడు 2,000 దాకా సరిపెట్టుకోవచ్చని ప్రమాణాలు చెబుతున్నాయి.

ఉప్పు గాలికి తట్టుకునే గోడ

చీమకుర్తిలో నలభై ఏళ్లు నిలిచే శ్లాబు, అదే మేస్త్రి అదే పాళ్లలో సముద్రం పక్కన పోస్తే చాలా ముందే పెచ్చులూడటం మొదలవుతుంది. గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి ఊచలను పట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. అందుకే తీర ప్రాంత ఇంటికి కనీసం ఎం-30 కాంక్రీటు, ఊచల చుట్టూ 45 మిల్లీమీటర్ల కవరింగ్ ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. కెరటాల తుంపర పడేంత దగ్గరైతే ఇంకా బలంగా ఎం-35 కావాలి. ఉచితంగా దొరుకుతోంది కదా అని సముద్రపు ఇసుక కలపకూడదు. కాంక్రీటు కలిపే నీరు, క్యూరింగ్ నీరు ఉప్పగా ఉండకూడదు.

గాలి సంగతికొస్తే, కోస్తా ఆంధ్రలో కట్టడాలను సెకనుకు 50 మీటర్ల వేగానికి, అంటే గంటకు 180 కిలోమీటర్లకు తట్టుకునేలా లెక్కించాలని ప్రమాణాల పటం సూచిస్తుంది. రేకులు మేకులతో సరిపెట్టకుండా గోడ బెల్టుకు బిగించాలి. ఇనుప కిటికీలు, గ్రిల్స్ ఉప్పు గాలికి త్వరగా పోతాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం చీమకుర్తివాళ్లు అదృష్టవంతులు. రాయి తుప్పు పట్టదు. మెట్లకు, కిటికీ చట్రాలకు, గట్లకు తమ ఊరి గ్రానైట్‌నే వాడుకోవచ్చు.

ఇంటి కింద నేల కదలకుండా ఉండాలి కూడా. 1990 నుంచి 2018 దాకా గమనించిన కేంద్ర అధ్యయనంలో ఆంధ్ర తీరంలో 28.7 శాతం కోతకు గురవుతోందని తేలింది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు కెరటాలకు పోతున్న సంగతి తెలిసిందే.

పొరుగువాళ్లతో

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆగిపోతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలకు ప్రభుత్వం ఇచ్చే సాయం 2019 నుంచి పదివేలుగా ఉండి 2025లో ఇరవై వేలైంది. వేట ఉన్న రోజుల్లో తెల్లవారుజామునే జనం లేస్తారు, చేపలు ఎండుతాయి, వాసన వస్తుంది. వలలు రోడ్డు మీద పరుస్తారు. అది వాళ్ల పని స్థలం. సెలవులకు వచ్చిన ఇంటివాళ్లు దాన్ని అడ్డుకుంటే గొడవలు ఖాయం. దస్తావేజు హద్దుల్లో ఒక వైపు ‘బాట’ అని రాసి ఉంటే, పడవల దగ్గరికి జనం నడిచే దారి అదేనేమో కనుక్కుని, ఆ దారి వదిలాకే ప్రహరీ కట్టాలి.

కొనే నిర్ణయానికి ముందు ఒకే ఊరిని మూడు కాలాల్లో చూస్తే చాలా సంగతులు వాటంతట అవే తెలుస్తాయి. మే ఎండలో నీరు, వేట సాగే రోజుల్లో ఊరి బతుకు, నవంబరు తుపానుల్లో దారి, కరెంటు. వీలైతే ఒక ఏడాది అద్దెకు ఉండి చూడాలి. అప్పటికీ మనసు అక్కడే ఉంటే, పల్లెపాలెం వెనక, 500 మీటర్ల గీత దాటాక, పట్టా భూమిలో నాలుగు సెంట్లు వెతకడం మొదలుపెట్టొచ్చు.