ఛాయాచిత్ర విద్య: చీకటిగది మొదలు కంప్యూటరు వరకు

మన యిండ్ల గోడలకు వ్రేలాడు పటములలో కొన్నిటికి మరియొక ప్రతి లేదు. గతించిన తాతగారి రూపమో, తల్లి పెండ్లినాటి రూపమో ఆ యొక్క కాగితముపై మాత్రమే నిలిచియుండును. అది తడిసినను, చెదలు తినినను ఆ ముఖమును మరల చూచు మార్గము లేదు. నేడు సెల్‌ఫోను చేతనున్న ప్రతి బాలుడును చిత్రములు తీయుచునే యున్నాడు. అయినను వెలుతురు చిత్రముగా నెట్లు మారునో, దాని నెంతవరకు దిద్దవచ్చునో, ఎచ్చట ఆగవలయునో ఎరిగినవారు కొలదిమందియే. కావున ఈ విద్యను మొదటినుండి క్రమముగా వివరించుటకు మే మిచ్చట యత్నించుచున్నాము.

ఫ్రాన్సు దేశీయుడగు డగేరు కనుగొనిన పద్ధతి 1839వ సంవత్సరమున లోకమునకు వెల్లడి యయ్యెను. అది వెండిపూతగల రాగిరేకుపై ఒక్క చిత్రమునే యిచ్చెడిది. దానికి ప్రతులు తీయ వీలులేదు. ఇంగ్లండునందలి టాల్‌బటు 1841లో కాగితపు నెగెటివు పద్ధతికి పేటెంటు పొందెను. నెగెటివునందు తెల్లనిది నల్లగాను, నల్లనిది తెల్లగాను కాన్పించును. దానినుండి ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. మూలము నొకటి భద్రపరచి ప్రతులను పంచుకొనుట యనునది ఆనాటినుండియే యీ విద్యకు ప్రాణమైనది.

ఇందుకు మన ప్రాంతముననే గొప్ప నిదర్శనము కలదు. రాజా దీన్‌దయాళ్ 1844లో మీరటు సమీపమందలి సర్ధనాలో జన్మించి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, మధ్య భారతమున ఉద్యోగము చేయుచు ఈ విద్య నభ్యసించెను. పిదప ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వారి ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పెను. ఘోషా స్త్రీలు సంకోచము లేక వచ్చుటకై 1892లో వారికి ప్రత్యేకముగ నొక స్టూడియో తెరచి, దాని నొక ఆంగ్లవనిత పర్యవేక్షణయందుంచెను. మన ఆత్మకూరు కేంద్రముగాగల అమరచింత సంస్థానము నిజాము ఏలుబడిలో నుండిన కాలమది. ఆయన 1905లో గతించెను. పిమ్మట 84 సంవత్సరములకు, 1989లో, ఆయన స్టూడియోవారి 2857 గాజు నెగెటివులను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించెను. అంతకాలము ఆ గాజు పలకలు నిలిచియుండుటచేతనే నాటి హైదరాబాదును నేడు మనము చూడగలుగుచున్నాము.

ఇక చీకటిగది పని యెట్టిదో చూతము. ఫిల్ముపై జెలటిన్ అను జిగురుపొరలో వెండి లవణపు సూక్ష్మకణములు చెదరియుండును. వెలుతురు సోకిన కణములలో కంటికి కానరాని మార్పు కలుగును. జనులు వాడుకగా "ఫిల్ము కడుగుట" అనెడి పని యిక్కడ మొదలగును. డెవలపరు అను ద్రావణము వెలుతురు సోకిన కణములను నల్లని వెండిగా మార్చును. పిమ్మట పలుచని ఆమ్లము ఆ పనిని ఆపివేయును. తరువాత హైపో అను లవణపు ద్రావణము వెలుతురు సోకని కణములను కరగించి తీసివేయును. హైపోకు వెండి లవణములను కరగించు గుణము కలదని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొనెను. చివర మంచినీట చాలసేపు కడిగి ఆరవేయవలయును. ఈ కడుగుటలో లోపమున్నచో చిత్రము కొన్నియేండ్లకు పసుపుబారును.

ద్రావణములకు సాధారణముగా 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి తగినది. మన వేసవిలో కుళాయినీరే అంతకంటె మిక్కిలి వేడిగానుండును. వేడి హెచ్చినకొలది పని త్వరపడి చిత్రము మితిమీరి నల్లబడును. జిగురుపొర మెత్తబడి ఊడిపోవుటయు కలదు. కావున ద్రావణపు పాత్రల చుట్టు మంచుగడ్డలుంచి చల్లబరచెడివారు.

నెగెటివునుండి ప్రింటు తీయుట రెండవ మెట్టు. ప్రింటు కాగితమునకు ఎర్రని వెలుతురు సోకదు గనుక ఎర్రదీపము క్రింద పని చేయవచ్చును. ఎన్లార్జరు దీపపు కాంతి నెగెటివు గుండ కాగితముపై పడుచుండగా, పుల్లకు చిన్న బిళ్ల నంటించి ఒకచోట నీడ పట్టినచో అచ్చట తెలుపు నిలుచును. మిగిలిన దానిని చేతితో మరుగుపరచి ఒక్కచోటనే మరికొంతసేపు కాంతి పడనిచ్చినచో అచ్చట నలుపు హెచ్చును.

కంప్యూటరు వచ్చినను ఈ పనులు మారలేదు. అమెరికాలోని మిషిగను రాష్ట్రమున థామస్ నోల్ అను యువకుడు తన తండ్రియొక్క చీకటిగదిలో ఈ విద్య నేర్చెను. అతడును, సోదరుడు జానును కలిసి నిర్మించిన ఫొటోషాప్ 1990లో వెలువడెను. అందు తెలుపుచేయు సాధనమునకు పుల్లకంటించిన బిళ్లయు, నలుపుచేయు సాధనమునకు ముడిచిన చేయియు గుర్తులైనవి. చీకటిగది నెరిగినవాడు ఆ గుర్తులను చూచినంతనే వాని పనిని గ్రహించును.

డిజిటల్ కెమేరాలో వెండికణములకు మారుగా సూక్ష్మమైన గళ్లుండును. ప్రతి గడియు తనపై బడిన వెలుతురును కొలువగా అది సంఖ్యగా మారును. 4000 నిలువు వరుసలు, 3000 అడ్డు వరుసలు గల చిత్రమందు ఒక కోటి ఇరువది లక్షల చుక్కలు కలవు. సాధారణ చిత్రములలో నలుపు 0, తెలుపు 255. కాంతిని హెచ్చించుట, తగ్గించుట యనగా ఈ సంఖ్యలను మార్చుటయే. ఆకాశమంతయు 255 అయిపోయినచో అందలి మేఘములను ఏ సాధనమును మరల తీసికొనిరాలేదు. వెలుతురు వ్రాయనిది ఫిల్మునందును లేదు, ఫోనునందును లేదు.

ఈ మాట నేడు మరింత ముఖ్యము. ఏలయన, చెరిగిన ముఖమును కృత్రిమ మేధ క్షణములో పూరించి యిచ్చుచున్నది. కాని యది ఊహించి గీసిన ముఖము. మన తాతగారి ముఖము కాదు. ఇంట వేరొక ప్రతి లేనప్పుడు, పిల్లలు ఆ కల్పితరూపమునే తాతగారని నమ్మి పెరుగుదురు. మరక తుడుచుట, మాసిన నలుపును సరిచేయుట దిద్దుబాటు. లేని కన్నును, లేని నవ్వును చేర్చుట కల్పన. అట్టి దానిని చేసినచో ఇది కల్పితమని ప్రక్కన వ్రాయుట ధర్మము.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యింట ఏకైక ప్రతిగానున్న పటములను ఫోనుతో తీయుడు. కిటికీ ప్రక్కను, ఎండ నేరుగా పడనిచోట పటమునుంచి, ఫోనును దానికి సమాంతరముగా పట్టి, ఫ్లాషు లేక తీయవలయును. కాగితము అద్దమునకు అంటుకొనియున్నచో ఊడదీయవలదు, అద్దముపైనుండియే తీయుడు. మొదటి చిత్రమును మార్పక యుంచి, దిద్దుబాట్లన్నియు దాని ప్రతిపై చేయుడు. రెండుచోట్ల భద్రపరచుడు. వాట్సాపులో మామూలుగా పంపిన చిత్రము కుదించుకుపోవును గనుక, దానిని మూలమని తలంపరాదు. అన్నిటికంటె ముఖ్యముగా, పటములోనివారి పేర్లను, ఊరును, సంవత్సరమును ఇంటి పెద్దలు చెప్పగలిగి యుండగానే అడిగి వ్రాసికొనుడు. చిత్రమును యంత్రము కాపాడగలదు. పేరు మాత్రము పెద్దల జ్ఞాపకమునందే యున్నది.