పురానాపూల్ దాటి వచ్చే ధాన్యం

హైదరాబాదు పాతనగరంలో మూసీనదిపై ఉన్న పురానాపూల్ వంతెన 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో కట్టబడినది. అప్పటికి చార్మినారు లేదు, నగరమే లేదు. గోలకొండ నుండి నది దాటుటకు అదే దారి. ఇప్పుడు దాని అటూ ఇటూ ఉన్న పేటలలో వేలాది కుటుంబాలు నివసిస్తున్నవి. వారికి మడి లేదు, చేను లేదు. తినే ప్రతి గింజా బయటినుండి రావలసినదే. అనేక చిన్నదేశాల స్థితి కూడా ఇట్టిదే. భేదం ఒక్కటే: పురానాపూల్‌కు వచ్చే బియ్యపు లారీని పొరుగు జిల్లా ఆపదు; చిన్నదేశానికి పోయే ఓడను పొరుగుదేశం ఆపగలదు.

ప్రపంచంలో పండే బియ్యంలో సుమారు పదోవంతు మాత్రమే దేశాల సరిహద్దులు దాటుతుంది. అందువలన ఒకటి రెండు దేశాలు ఎగుమతి ఆపినా ధర మండిపోతుంది. 2008లో భారత్, వియత్నాంలు ఎగుమతులను కట్టడి చేయగా బియ్యం ధర కొద్ది నెలలలోనే సుమారు మూడింతలైనది. 2023 జూలైలో భారత్ బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరులో గాని తొలగించలేదు. ఆఫ్రికాలోని సెనెగల్ ప్రజలు ఎక్కువగా తినేది ఆసియానుండి వచ్చే నూకలు. వారి నేలలో బాగా పండేది సజ్జ, జొన్న. ఈ వైరుధ్యం మనకు కొత్తది కాదు.

హైదరాబాదు సంస్థానానికి సముద్రతీరం లేదు. 1942లో జపాను బర్మాను ఆక్రమించగా దేశమంతటికీ బర్మా బియ్యం రాక నిలిచిపోయినది. యుద్ధకాలంలో సంస్థానం లెవీ విధించినది. లెవీ అనగా పంటలో కొంత భాగాన్ని ప్రభుత్వం నిర్ణయించిన ధరకు రైతు తప్పక అమ్మవలెనను నియమం. పట్టణాలకు రేషను ఇవ్వవలెనన్న ఉద్దేశం సరియైనదే. కాని దేశముఖులు తప్పించుకొనగా, చిన్నరైతుల గాదెలు ఖాళీ అయినవి. 1946లో రేగిన తెలంగాణ రైతాంగ పోరాటానికి 'లెవీ గల్లా' ఒక ముఖ్యకారణం. ధాన్యం ఎంత పండినదనుటతో లెక్క తీరదు. ఎవరినుండి, ఏ ధరకు తీసుకొన్నారనునది కూడా చూడవలెను.

ఆనాటి తెలంగాణ పల్లెలలో పేదల తిండి జొన్న. దీనికి శాస్త్రీయమైన కారణమున్నది. వరిపైరుకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. జొన్నకు 450 నుండి 500 చాలును. ఎండకు జొన్న ఆకు చుట్టుకొని నీటి ఆవిరిని తగ్గించుకొంటుంది; వాన పడగానే తిరిగి విచ్చుకొంటుంది. చొప్ప పశువులకు మేత. తెలంగాణలో సంవత్సర వర్షపాతం సగటున 900 మిల్లీమీటర్ల ప్రాంతం. లెక్క వేసి చూడండి.

మరి జొన్న ఎందుకు తగ్గినది? 1965లో భారత ఆహారసంస్థ, వ్యవసాయ ధరల సంఘం ఏర్పడినవి. కొనుగోలు ప్రధానంగా వరి, గోధుమలపై సాగినది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండురూపాయల బియ్యం పథకం మొదలైనది. ఆకలి తీర్చుటలో దాని మేలు తక్కువ కాదు. అయితే రైతుకు వరి అమ్మకం ఖాయము, పేదకు బియ్యం చౌక. మధ్యలో జొన్న కొనేవారు లేకపోయిరి. బోరుబావులు వచ్చి మెట్టను కూడా మడి చేసినవి. జొన్నరొట్టె పేదవాని తిండి అన్న చిన్నచూపు తోడైనది. 2013 ఆహారభద్రతా చట్టంలో కిలో రూపాయికి ముతకధాన్యం కూడా చేర్చబడినది. మన చౌకధరల దుకాణంలో మాత్రం బియ్యమే రాజ్యమేలినది. 2025 ఉగాది నాడు తెలంగాణలో ఆరంభమైన ఉచిత పంపిణీ కూడా సన్నబియ్యానిదే.

చిన్నదేశాలకు నిపుణులు సూచించే మార్గం ప్రాంతీయ నిల్వ. ఇరుగుపొరుగు దేశాలన్నిటికీ ఒకే ఏడాది కరువు రావడం అరుదు గనుక ఉమ్మడి గిడ్డంగి ఉపకరిస్తుంది. పశ్చిమాఫ్రికా దేశాలు 2013లో ఇట్టి నిల్వకు అంగీకరించినవి. కాని గిడ్డంగిలో ఏ ధాన్యం ఉండవలెనన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990 దశకంలో దీనికొక సమాధానం చూపినవి. పడావు భూములను సాగులోకి తెచ్చుటకు రైతులకు అప్పు ఇచ్చి, దానిని డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి తీసుకొన్నవి. ఆ జొన్నలు ఊరిలోనే నిలువచేసి, ఎవరు ఎంత పేదలో ఊరివారే తేల్చి, కరువునెలలలో వారికి చౌకగా అమ్మినవి. ఆ ధాన్యానికి లారీతోగాని, ఓడతోగాని పని పడలేదు.